ఒక్క టేకులో చిరిగిన బొమ్మ

ఉదయం ఆరుంబావుకి ఖమ్మంలో రైలెక్కాను, ఫిల్మ్‌నగర్ వెళ్లి నా బొమ్మ నేను వెనక్కి తెచ్చుకోవడానికి. సినిమా వాళ్లకి ఏదైనా అరువివ్వబోయే వాళ్లకి పనికొస్తుందని ఈ ప్రయాణం సంగతి రాస్తున్నాను.

నేను హైస్కూల్లో డ్రాయింగ్ టీచర్ని. పదేళ్లుగా రంగులు పక్కనపెట్టి కాగితం ముక్కలతోనే బొమ్మలు చేస్తున్నాను. ఆ ముక్కలన్నీ నా స్నేహితురాలు సుజాత ప్రెస్సువి. శుభలేఖలూ కరపత్రాలూ కోశాక మిగిలే అంచుల్ని నాకోసం సంచిలో వేసి ఉంచేది. "మేం పారేసేదానికి నువ్వు ఫ్రేము కట్టిస్తున్నావే" అని నవ్వేది. నిరుడు ఆమె పోయింది. ప్రెస్సు మూసేశారు. చివరి సంచిలోని ముక్కలతో, కటింగ్ మిషను ముందు నిలబడ్డ సుజాతనే చేశాను. మొహానికీ చేతులకీ శుభలేఖల పసుపు అంచులు, జుట్టుకి దశదినకర్మ కార్డుల నలుపు.

ఆమె భర్త రాంబాబు గారు చూసి, "ఇది మా ఇంట్లో ఉండాలండీ" అన్నారు. ఇస్తానన్నాను. ఇంతలో ఫేస్‌బుక్‌లో ఆ బొమ్మ చూసి వంశీ అనే అసిస్టెంట్ ఆర్ట్ డైరెక్టర్ ఫోన్ చేశాడు. వాళ్ల కథలో హీరోయిన్ కాగితాలతో బొమ్మలు చేస్తుందట. పదిరోజుల్లో తిరిగి పంపేస్తామన్నాడు. "ముందు తెరమీద చూసుకుందాం" అని రాంబాబు గారికి చెప్పి పార్సిల్ చేశాను. నా గొప్ప నాది. రెండు నెలలైంది. వంశీ ఫోన్ ఎత్తడం మానేశాడు. ఈ ఆదివారం సుజాత సంవత్సరీకం.

మహబూబాబాద్‌లో ఎక్కి పక్కన కూర్చున్నావిడ నా కథంతా విని, "మా చెల్లె జూబ్లీహిల్స్ల వంట చేస్తది. ఆ బంగ్లాలల్ల గేటు దాటుడే కష్టమంటది. నువ్వు ఉత్తచేతులతోని రాకు అక్కా, గట్టిగ అడుగు" అంది.

సికింద్రాబాద్ చేరేసరికి పదిన్నర. స్టేషన్ ఎదుట ఇడ్లీ తిని, సికింద్రాబాద్ ఈస్ట్‌లో మెట్రో ఎక్కాను. ఎక్కడా మారనక్కర్లేదు, అరగంటలో జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్‌లో దిగొచ్చు. అక్కణ్నించి ఆటో. రాళ్లను చీల్చి కట్టిన ఎత్తు గోడల మధ్య రోడ్డు ఎక్కుతూ దిగుతూ పోతుంది. చెట్లన్నీ గోడల లోపలే ఉన్నాయి.

"ఏ ఆఫీసు మేడం? గీడ సగం ఆఫీసులకు బోర్డులే ఉండయి" అన్నాడు ఆటో ఆయన. పాపం, మూడు సందులు తిప్పి ఓపిగ్గా వెతికిపెట్టాడు.

పన్నెండింటికి గేటు దగ్గర రిజిస్టర్‌లో పేరు రాశాను. రెండింటి దాకా కాపలా ఆయన పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. అప్పుడొచ్చాడు వంశీ, చేతిలో చీరల షాపు కవరుతో.

"సారీ మేడమ్, షెడ్యూల్ టైట్‌గా ఉందండీ" అన్నాడు. "సీన్‌లో ఫాదర్ కోపంతో బొమ్మ చింపాలి. మేం ఫ్లెక్స్ మీద ప్రింట్ తీయించాం. ఎంత లాగినా సాగుతోంది గానీ చిరగట్లేదు. యూనిట్ అంతా నవ్వేశారు. డైరెక్టర్ గారికి కోపమొచ్చి, ఒరిజినల్ ఉందిగా అన్నారండీ."

నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. ఈలోగా అతను ఫోన్ తీసి వీడియో పెట్టాడు. నల్లకోటు నటుడొకాయన ఫ్రేములోంచి బొమ్మను పీకాడు. ముందు సుజాత నుదుటి మీదే రెండు వేళ్లు పెట్టి కిందికి లాగాడు.

"సింగిల్ టేక్ మేడమ్! ఆ సౌండ్ వినండి, ఎంత బాగా వచ్చిందో."

"ఈవిడెవరో తెలుసా?" అన్నాను.

"రియల్ పర్సనా మేడమ్?" అని నిజంగానే ఆశ్చర్యపోయాడు. తర్వాత కవరు నా చేతికిచ్చి, "దొరికిన ముక్కలు ఇవేనండీ, మిగతావి సెట్ క్లీనింగ్‌లో పోయాయి. ఫీలవ్వకండి. మీ ఆర్టే చింపి అతికించడం కదా, మళ్లీ అతికించేస్తే అయిపోద్ది" అన్నాడు.

గట్టిగా అడగాలనే వచ్చాను. కానీ కవరు తీసుకుని బయటికొచ్చి, ఎండలో చెక్‌పోస్ట్ దాకా నడిచాను.

నాలుగున్నరకి సికింద్రాబాద్‌లో తిరుగు రైలు. సీటు దొరికాక కవరు విప్పాను. మిషను ఉంది, ఒక చెయ్యి ఉంది, చీర కుచ్చిళ్లు ఉన్నాయి. మొహం లేదు. ఆ పసుపు ఇక ఏ ప్రెస్సులోనూ దొరకదు. సినిమాకి అరువిచ్చేవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే. అసలైన బొమ్మ పంపకండి. పంపితే దాంతోపాటు మీరూ వెళ్లి ఎదురుగా నిలబడండి. అక్కడ ఎవరూ దుర్మార్గులు కారు. ఒక మనిషి బొమ్మ చింపుతున్నామన్న సంగతి వాళ్లకి తట్టదు, అంతే.

కాజీపేట దాటాక రాంబాబు గారు ఫోన్ చేశారు. "దొరికిందాండీ?"

జరిగింది చెప్పాను. తప్పు నాదేనని కూడా చెప్పాను.

"మొహం ముందు చింపారా, చివర్నా?" అని అడిగారు.

"చివర్న" అన్నాను.

"సరేలెండి" అని పెట్టేశారు. సినిమా వచ్చేదాకా ఆయన అలాగే అనుకుంటారు.