రేకు లేని లైటు

దయ్యం పట్టిందని చెప్పి నా దగ్గరికి తెచ్చిన బండ్లు చాలానే చూశాను. ఒకదాని హారన్ దానంతట అదే మోగేది, ఇంకోదాని వైపర్లు ఎండలో తిరిగేవి. తీరా విప్పి చూస్తే ఎలుక కొరికిన వైరో, నీళ్లు చేరిన కనెక్షనో దొరికేది. నకిరేకల్‌లో బండ్ల కరెంటు పని చేసే షాపు నాది. ఇన్నేళ్లలో వైరు చూపించని కారణం ఒక్కటీ లేదు. ఈ ఒక్క సంగతికి తప్ప. దీన్ని తలుచుకుంటే నాకు భయం కాదు, ఒళ్లు మండుతుంది.

ముందు లైటు సంగతి చెప్పాలి. జినాన్ బల్బులో తీగ ఉండదు. గాజు బుడ్డిలో గ్యాస్ ఉంటుంది. బాలస్ట్ అనే చిన్న పెట్టె ఒక్కసారిగా వేల ఓల్టులు కొడితే లోపల వెలుగు పుడుతుంది. మొదట నీలంగా ఉండి, కొన్ని క్షణాలకు తెల్లబడుతుంది. మాటిమాటికీ ఆర్పి వెలిగిస్తే బల్బు పాడవుతుంది కాబట్టి, చాలా బండ్లలో హై బీమ్‌కూ లో బీమ్‌కూ ఒకటే బల్బు. తేడా అంతా దాని ముందున్న చిన్న ఇనుప రేకుది. రేకు లేచి ఉంటే వెలుగు పైభాగం కత్తితో కోసినట్టు తెగిపోయి రోడ్డు మీదే పడుతుంది. స్విచ్ కొడితే అయస్కాంతం రేకును కిందికి లాగుతుంది, వెలుగు ఎదుటివాడి కళ్లలోకి పోతుంది. స్విచ్ వదిలితే స్ప్రింగు రేకును మళ్లీ లేపుతుంది. తయారు చేసినవాడు అంత ఆలోచించి పెట్టాడు.

ఆ రేకును నేను తీసేశాను.

మా పక్క ఊరి కాంట్రాక్టర్ ఒకాయన కొత్త కారు తెచ్చి, లో బీమ్ తనకు అక్కర్లేదన్నాడు. ఎప్పుడూ ఫుల్లుగా కొట్టాలట, ఎదురొచ్చేవాడే పక్కకు జరగాలట. తప్పని నాకు తెలుసు. అయినా రెండు లైట్లూ విప్పి, రెండు రేకులూ పీకి డ్రాయర్లో పడేశాను. బండి ఆయనది, కళ్లు వేరేవాళ్లవి, నాకేం పోయిందనుకున్నాను. పోయేదేమిటో తర్వాత తెలిసింది.

మా అక్కను కేతేపల్లి దగ్గరి ఊరికే ఇచ్చాం. యాసంగి కోతలయ్యాక అక్కడ అందరిలాగే అక్క, బావ కూడా వడ్లు రోడ్డు మీదే ఆరబోస్తారు. తేమ ఉంటే కొనుగోలు కేంద్రంలో తీసుకోరు, ఆరబెట్టుకోవడానికి వేరే జాగా లేదు. ఊరి బయట మోరి, అంటే రోడ్డు కింది చిన్న తూము, దాటగానే సగం రోడ్డు వడ్లు, చుట్టూ రాళ్లు. పొద్దు గూకే వేళకు కుప్ప చేసి పట్టా కప్పుతారు. ఎదురుగా బండి ఫుల్ లైటుతో వస్తే అక్క అరచేయి కిందికి పెట్టి రెండుసార్లు మెల్లగా ఊపేది, పసిపిల్లను జోకొట్టినట్టు. లైటు దించమని అర్థం.

రేకులు తీసిన వారానికి నేను వాళ్లింటికి పోతే అక్కే ఆ కారు సంగతి ఎత్తింది.

"గా తెల్ల కారు లైట్లు నువ్వు పెట్టినవేనంట గద తమ్మీ. కండ్లల్ల కారం కొట్టినట్టే ఉన్నయి. జర కిందికి చెయ్యరాదురా."

సరే చూద్దామని నవ్వి తప్పించుకున్నాను.

ఇంకో నాలుగు రోజులకు, పట్టా కప్పుతుండగా ఒకవైపు నుంచి ఆ కారు, ఇంకోవైపు నుంచి ట్రాలీ ఆటో వచ్చాయి. అక్క చేయి ఊపిందట. కారు లైటు దిగలేదు. దిగడానికి అందులో రేకేదీ? ఆటో డ్రైవర్‌కు కళ్లు బైర్లు కమ్మి బండిని వడ్ల మీదికి, అక్క మీదికి ఎక్కించాడు. అక్క దక్కలేదు. దవాఖానలో అతను అంతా తెల్లగా అయిందని ఒకటే మాట అంటూ ఏడ్చాడు. కేసు అతని మీదే పడింది. కారు ఎవరినీ తాకలేదు కాబట్టి కారు ఆయన పేరు ఎక్కడా రాలేదు. నా పేరు అసలే రాలేదు. నేనూ నోరు మూసుకున్నాను.

దినాలు అయిపోయాక ఆ కాంట్రాక్టరే షాపుకు వచ్చాడు, మనిషి పోయిందన్న ఊసు లేకుండా.

"గా మోరి దగ్గరికి రాంగనే లైటు దానంతట అదే కిందికి పడిపోతాంది. నువ్వు పెట్టిందే గద, సక్కగ చెయ్యి."

రేకు లేని లైటు కిందికి ఎలా పడుతుందని విసుక్కుని, డ్రాయర్ తీసి చూపించాను. రెండు రేకులూ అక్కడే ఉన్నాయి. అయినా ఆ సాయంత్రం ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని, స్టీరింగ్ నేనే పట్టుకుని పోయాను. మోరి దాటేదాకా వెలుగు చెట్ల కొమ్మల మీద పడుతోంది. మోరి దాటగానే పైవెలుగు తెగిపోయింది. రోడ్డుకు అడ్డంగా, నడుము ఎత్తులో, గీత గీసినట్టు. కింద వడ్లు ఒక్కో గింజా కనిపిస్తున్నాయి, పైన చీకటి. డ్యాష్‌బోర్డు మీద హై బీమ్ గుర్తు వెలుగుతూనే ఉంది. బ్యాటరీ తగ్గితే లైటు మసకబారుతుంది, ఇలా తెగదు. అద్దాలు తుడిచి చూశాను. ఎదురు దిక్కు నుంచి వచ్చి చూశాను. ఐదుసార్లు తిరిగినా అంతే. అక్క పడిన చోటు దాటగానే వెలుగు మళ్లీ కొమ్మల మీదికి లేచింది.

అది రిపేరు కాదా అని ఆయన అడిగాడు. జీవితంలో మొదటిసారి ఒక గిరాకీ మీద అరిచాను. మర్నాడు ఆయన వద్దంటున్నా వినకుండా రెండు రేకులూ బిగించాను. తాళంచెవి ఇచ్చే ముందు నేనే నడిపి చూశాను. మోరి దగ్గర స్విచ్ కొడితే హై, వదిలితే లో. మామూలు లైటు.

అదే రోజు బావ దగ్గరికి పోయి అంతా చెప్పేశాను. బావ చివరిదాకా విని, లేచి లోపలికి పోయాడు. ఇప్పటికీ నాతో మాట్లాడడు. ఆయన కోపం న్యాయమే.

రేకు లేని లైటు ఎలా దిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. తెలిసినవాళ్లెవరైనా ఉంటే వైరు పట్టుకుని చూపించమనండి, ఒప్పుకుంటాను. నాకు తెలిసింది ఒక్కటే. అక్క అడిగినప్పుడు ఆ పని నా చేతిలో ఉంది, స్క్రూడ్రైవర్‌తో అరగంట పని.