బావ ఒక్కసారి వెళ్లిన ర్యాలీ

మొన్నొక ఆదివారం మా మేనల్లుడు మా సూరత్‌లోనే ఉన్న గోడాదరా పేట నుంచి వచ్చి, చెప్పులైనా విప్పకుండా గడపలోనే నిలబడి, ఈసారి మార్కండేయ జయంతికి మన పద్మశాలీల బైకు ర్యాలీ వాళ్ల ఇంటి ముందు నుంచే పోతుందనీ, నన్ను కూడా రమ్మనీ అడిగాడు. వాడు ఇక్కడే పుట్టి పెరిగాడు, చీరల వ్యాపారం చేసుకుంటున్నాడు, దున్నపోతంత బండి ఒకటి కొన్నాడు. ఈ వయసులో ఆ మోతలో, ఆ పొగలో నాకేం పనిరా అని నవ్వి ఊరుకోబోతే అప్పుడు అసలు మాట చెప్పాడు.

"బాపు అత్తనంటుండు మామా. గని నువ్వత్తెనే అత్తడట. దమ్ము రోగం బాగ ఎక్కువైంది, అచ్చేయేడు ఉంటడో ఉండడో. జర సోంచాయించి చెప్పు."

వాడి బాపు అంటే మా అక్క భర్త, మా బావ. ఇన్నేళ్లలో ఆయన ర్యాలీకి వెళ్లింది ఒక్కసారే. నా ఎడమ కన్ను పోయింది ఆ రోజే.

సూరత్‌లో మేమంతా ఉన్న పేట, ఆ కాలపు లింబాయత్, మన తరం వాళ్లకు గుర్తుండే ఉంటుంది. పగలూ రాత్రీ సాంచాలు ఆడుతూనే ఉండేవి, మరమగ్గాన్ని మేం సాంచా అనేవాళ్లం, పక్కనున్న మనిషితో మాట్లాడాలన్నా చెవిలో అరవాల్సిందే. పండగ మనదే గానీ సాంచాలు సేఠ్‌వి. కాబట్టి సెలవు కావాలన్నవాడు తన సాంచాల మీద తన బదులు ఇంకొకణ్ణి నిలబెట్టి పోవాలి, ఆ మనిషి చేసిన తప్పుకు పోయినవాడే జవాబు చెప్పాలి. అదీ అప్పటి రివాజు.

బావ అప్పుడే ఎవరో వాడి వదిలేసిన మోటారుసైకిలు ఒకటి సంపాదించాడు. మా వాళ్లు తొలిసారి బండ్ల మీద ఊరేగింపు తీస్తున్నారని తెలిసినప్పటి నుంచి ఆయనకు ముద్ద దిగలేదు. పోతే సేఠ్ మొహం మాడ్చుకుంటాడు, పోకపోతే బండి ఉండీ రాలేదని కులపోళ్లు ఆడిపోసుకుంటారు. ముందు నుయ్యి వెనుక గొయ్యి. దేవుడికి ఇంట్లో దండం పెడితే చాలదా, అడుసు తొక్కనేల కాలు కడగనేల అని అక్క గొణుగుతూనే ఉంది. అలా రోజూ పోదామని ఒకసారి, వద్దని ఒకసారి అనుకుంటూ ఉండగా, సిరిసిల్ల పక్క పల్లెనుంచి పని వెతుక్కుంటూ నేను దిగాను.

"మగ్గం మీద పుట్టినోనివి, సాంచా నీకొక లెక్కనా బామ్మర్ది," అన్నాడు బావ.

అక్కడే మేమిద్దరం మోసపోయాం. చేతిమగ్గం మీద పోగు తెగితే వంగి చూస్తాం, ఎందుకంటే పోగును అటూ ఇటూ మోసే నాడెను ఆడించే చెయ్యి మనదే, మనం ఆగితే అదీ ఆగుతుంది. సాంచా మీద ముందు పిడి లాగి మర ఆపాలి, ఆ తర్వాతే వంగాలి. ఆ సంగతి బావ చెప్పాడు, నేనూ తలూపాను. జయంతి నాడు తన బదులు నన్ను నిలబెట్టి ఆయన ర్యాలీకి పోయాడు. తీరా పోగు తెగేసరికి మాత్రం పుట్టినప్పటి నుంచి అలవాటైన నడుము దానంతటదే వంగింది. నాడె ఎగిరివచ్చి కంట్లో తగిలింది.

బావ నుదుట కుంకుమతో, మెడలో కాషాయ కండువాతో ఆసుపత్రికి పరుగెత్తుకొచ్చాడు. తప్పయిందని ఆయన అనలేదు, నేనూ అడగలేదు. బండి అమ్మేశాడు. నాకు అదే ఖాతాలో, అంటే ఆ సాంచాల కార్ఖానాలోనే, నూలు కండెలు చుట్టే పని ఇప్పించాడు. ఆ తర్వాత ఏ జయంతి వచ్చినా, ఎవరైనా బదులుంటామన్నా వినకుండా, బయట బండ్లు పోతున్నంతసేపూ సాంచాల మధ్యే నిలబడేవాడు. నాకు కోపం పోయిందని అబద్ధం చెప్పను. పెళ్లిచూపుల్లో ఆడపిల్లలు నా మొహం చూసి తల తిప్పుకున్నప్పుడల్లా ఆ కుంకుమ బొట్టే గుర్తొచ్చేది.

ఇప్పుడు పోవాలా వద్దా అని తేల్చుకోలేక సతమతమైంది నేను. నేను వస్తే ఆయన ఆఖరి కోరిక తీరుతుంది, నిజమే. కానీ ఆ కండువా మళ్లీ ఆయన మెడలో చూడాలి, నవ్వుతూ పక్కన కూర్చోవాలి. నావల్ల కాలేదు. జయంతి ముందురోజు ఆయన దగ్గరికి పోయి ఉన్నమాట చెప్పాను, నువ్వు కొడుకుతో వెళ్లిరా బావా, నేను రాను అని.

ఆయన ఆయాసం తగ్గేదాకా ఆగాడు.

"నువ్వు లేకుంట ఒక్కసారి పోయిన. సాలు."

జయంతి నాడు ఇంట్లో ఉండలేక మళ్లీ వాళ్ల గోడాదరా ఇంటికే పోయి అరుగు మీద కూర్చున్నాను. బండ్లు వచ్చాయి, జెండాలు వచ్చాయి, కుర్రాళ్లు కేకలు వేసుకుంటూ పోయారు. వాళ్లలో సాంచా నడిపేవాళ్లు ఎంతమందో నాకు తెలియదు. కొత్త మరలకు నాడె అన్నదే లేదట, నీళ్లతోనే పోగు విసురుతాయట. సెలవు కావాలంటే ఫోన్లో ఒక ముక్క పంపితే చాలట, తమ బదులు ఎవరినీ నిలబెట్టక్కర్లేదట. మంచిదే. ఆ సుఖం మాకు కొంచెం ముందొస్తే ఏం పోయేదో.

బావ గోడ పట్టుకుని మెల్లగా బయటికి వచ్చాడు. ఇన్నేళ్లూ ఆయన ఎక్కడైనా నా ఎడమ పక్కనే కూర్చునేవాడు, నాకు కనబడని వైపు. ఆ రోజు నా ముందు నుంచి నడిచి వచ్చి కుడి పక్కన కూర్చున్నాడు. ఎంత ముసలివాడైపోయాడో అప్పుడే చూశాను.