నీళ్లు వేడెక్కిన మధ్యాహ్నం

రెండేళ్ల క్రితం సెప్టెంబరులో, అమెరికాలో, రెడ్‌మండ్‌లోని మా ఆఫీసులో లేఆఫ్‌ల మాట మొదలైంది. ఇంట్లో కాలు నిలవక, ఒక శనివారం నా స్నేహితుడు శ్రీకాంత్‌ని వెంటబెట్టుకుని ట్రౌట్ చేపలు పట్టడానికి కొండల అవతలి నదికి వెళ్లాను. వానల్లేక నది మోకాలి లోతుకు పడిపోయింది.

ఒడ్డున గాలం సర్దుకుంటున్న ఒక అమెరికన్ పెద్దావిడ, "నీళ్లు బాగా వేడెక్కాయి. ఇప్పుడు పట్టి మళ్లీ వదిలేసినా చేపలు తట్టుకోలేవు. రేపు తెల్లవారుజామున రండి" అని చెప్పింది. సరేనని తలూపాను. ఆమె కారు వైపు వెళ్లగానే గాలం వేశాను.

కాసేపటికే ట్రౌట్ పడింది. నా జీవితంలో మొదటిది. "ఇంకో ఫొటో తియ్‌రా" అంటూ దాన్ని గాల్లోనే పట్టుకున్నాను. తర్వాత, అక్కడి నియమం ప్రకారం, తిరిగి నీళ్లలో వదిలితే వెల్లకిలా తేలింది.

కంగారుగా దాన్ని రెండు చేతులతో నిలబెట్టి, ఊపిరాడేలా మూతిని ప్రవాహానికి ఎదురుగా పట్టుకున్నాను. మొప్పలు కాసేపు కదులుతున్నాయి, కాసేపు ఆగుతున్నాయి.

"అది బతకదు, పోదాం పారా" అన్నాడు శ్రీకాంత్. నేను కదల్లేదు.

ఇంతలో ఆ పెద్దావిడ వచ్చి నా పక్కనే నీళ్లలోకి దిగింది. "కొంచెం లోతుకు తీసుకెళ్దాం, అక్కడ చల్లగా ఉంటుంది" అంది. ఇద్దరం పావుగంట ప్రయత్నించాం. మొప్పలు మళ్లీ కదల్లేదు.

"మీరు వెళ్లిపోయారనుకుని గాలం వేశాను" అన్నాను.

"తెలుసు. కారులోంచి చూశాను" అందామె.

ఆవిడ నాలుగు తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేవాణ్ణేమో.