పొయ్యి ముట్టించొద్దన్న మా అత్త

మా అత్త పోయింది. పోయిన శుక్రవారం పొద్దున చేటలో జొన్నలు చెరుగుతూ గోడకు ఆనుకుంది, మళ్లీ లేవలేదు. కబురు విని వచ్చినవాళ్లలో మా ఊరి పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. చావడిలో ఆయన మాటకు ఎదురుండదు. "మహా ఇల్లాలు. ఊరికంతా తల్లి మాదిరి" అని కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. శవం ముందర నోరు చేసుకోకూడదని ఊరుకున్నాను గానీ, నాలుగైదేళ్ల కిందట ఇదే నోటితో ఈయన మా అత్తను ఊరి పరువు బజారున పడేసిందని తిట్టాడు. ఆ తిట్టు ఆమె ఎందుకు పడిందో చెప్పకుండా ఉత్త మెప్పుతో సాగనంపడం నాకు ఇష్టం లేదు.

మా అత్త మాటకారి కాదు, మొండిది. కాపురానికి వచ్చిన కొత్తలో ఆమె అంటే నాకు భయం. సంగటి కెలికేటప్పుడు ఎవరు పలకరించినా బదులు పలికేది కాదు. కూరలో ఉప్పు తక్కువైనా ఒక్క మాట అనేది కాదు, కానీ పిల్లలు తినకముందు పెద్దవాళ్లు పళ్లెం ముందు కూర్చుంటే మాత్రం, అది కన్నకొడుకైనా సరే, పళ్లెం లాగేసేది. "పెద్దోల్ల కడుపుకు బుద్ధి సెప్పొచ్చు మ్మే, పిల్లోల్ల కడుపుకు యాడ సెప్తావు?" అనేది.

ఆ తర్వాత వరుసగా వానలు పోయాయి. కర్నూలు అప్పుడు రాజధాని. ఓర్వకల్లు పక్కన రాళ్ల గుట్టల నడుమ ఉండే మా పల్లెకు రాజధాని దగ్గరికొచ్చింది గానీ కూడు దగ్గరికి రాలేదు. మగవాళ్లు రోడ్డు మీద కంకర కొట్టే కరువు పనికి పోయారు. చుట్టుపక్కల ఊళ్లలో పిల్లలకు గంజి కేంద్రాలు పెట్టారు. మా ఊళ్లో పెట్టలేదు. దానికి కారణం మేం ఆడవాళ్లమే.

మా వైపు ఒక పద్ధతి ఉంది. ఇంట్లో గింజ లేకపోయినా మాపటేళ పొయ్యి ముట్టించాలి. ఉత్త నీళ్లే ఎసరు పెట్టాలి. కప్పులోంచి పొగ లేవాలి, పక్కింటివాళ్లు దాన్ని చూడాలి. పొగ లేవని ఇల్లంటే పరువు పోయిన ఇల్లని లెక్క. నేనూ అట్లాగే ముట్టించాను. కేంద్రం అవసరమా కాదా అని చూడటానికి వచ్చిన ఆఫీసరు సాయంత్రం జీపు దిగి, చావడి అరుగు మీద నిలబడి ఊరంతా ఒక్క చూపు చూశాడు. ప్రతి ఇంటి మీదా పొగ. "అందరూ వండుకుంటున్నారు కదా!" అన్నాడు. "మాకేం తక్కువ సార్" అన్నాడు మా పెద్దమనిషి. ఆ దొర ఒక్క గడపలోకి తల వంచి, ఒక్క కుండ మీద మూత తీసి చూడొచ్చు కదా? చూడలేదు.

అప్పటికి నా కూతురికి రెండేళ్లు. నడిచే పిల్ల నడవడం మానేసింది. ఎసరు కాగుతున్న చప్పుడు వింటే బువ్వ ఉడుకుతోందనుకుని పాకుతూ వచ్చి, పళ్లెం ఒళ్లో పెట్టుకుని పొయ్యి ముందు కూర్చునేది. చూసి చూసి అట్లాగే నిద్రపోయేది. ఆ రోజు జీపు పోయిన తర్వాత మా అత్త ఆ పిల్లను కాసేపు చూసింది. లేచి కాగే నీళ్లు తీసి పొయ్యిలో కుమ్మరించింది.

"ఎవురికి సూపిస్తాండాము మ్మే ఈ పొగ? పరువును తింటాదా ఈ బిడ్డ?"

మరునాడు ఇల్లిల్లూ తిరిగింది. వెనకే నేను. ఎవరూ పొయ్యి ముట్టించొద్దని ఆమె చెబుతుంటే ఆడవాళ్లు బిత్తరపోయారు. "మా పొయ్యి ఆరిపోయిందని తెలిస్తే రేపు మా పాపను ఎవురు సేసుకుంటారు పెద్దమ్మా?" అని ఒకామె ఏడ్చింది. "ముందు బతికితే గదా సేసుకునేది" అంది అత్త. చివరికి ఎదురింటి దూదేకులామె తెగించింది. "అందురం ఒకేపారి ఆర్పేస్తే ఇంగ ఎవురి పరువు పోతాది? పెద్దమ్మ సెప్పిందే నిజం" అంది.

ఆఫీసరు పక్క ఊరికి పోతూ మా దారిన వచ్చిన రోజు ఊళ్లో ఒక్క పొయ్యీ వెలగలేదు. పిల్లలను చంకన వేసుకుని తల్లులందరం జీపుకు అడ్డం నిలబడ్డాం. అత్త అతన్ని దిగమని, ఇల్లిల్లూ తిప్పి తన చేత్తో కుండల మూతలు తీసి చూపించింది. మా పెద్దమనిషి పరుగున వచ్చి, ఊరి పరువు తీస్తున్నావని కేకలు వేసింది అప్పుడే. అత్త తిరిగి చూసింది.

"నీ గాదెలో గింజలుండాయి, నీకు పరువుండాదప్పా. మా బిడ్డలకు గంజి గావాల."

ఆ వారమే చావడిలో గంజి కేంద్రం తెరిచారు. తల్లులమే వంతులు వేసుకుని కాచాం. కొన్నాళ్లకు నా కూతురు గోడ పట్టుకుని లేచింది.

అక్కడితో అయిపోతే నాకింత కోపం ఉండేది కాదు. ఒక మంచి వాన పడింది. గొర్రు తోలి సజ్జ విత్తుకున్నాం. మొలక భూమి మీదికి వచ్చిందో లేదో, కేంద్రం మూసేశారు. వాన పడింది కాబట్టి కరువు తీరిందట! విత్తిన మరునాడే సంగటి పళ్లెంలోకి వస్తుందనుకునేవాళ్లు మా ఆకలికి అధికారులు.

మాలో పచ్చని పైరు పెరకడం కడుపు తీసినంత పాపం. మా అత్త చేలోకి పోయి, గట్టు పక్కన గుప్పెడు గుప్పెడుగా సజ్జ మొలకలు మట్టితో సహా పెరికింది. పెరుకుతూ ఏడ్చింది. ఆమె కంట నీరు నేను చూడటం అదే మొదలు. వాటిని కొంగులో పోసుకుని, మమ్మల్ని వెంటబెట్టుకుని టౌనుకు నడిచి, ఆ ఆఫీసరు బల్ల మీద కుమ్మరించింది.

"ఇది పండిందాంక బిడ్డలకు ఏం పెట్టాల్నో నువ్వే సెప్పు సామీ."

"ఇవన్నీ ఇక్కడ పెట్టకూడదమ్మా" అన్నాడు.

"యాడ పెట్టాల మరి?"

అతను బంట్రోతును పిలిచి మమ్మల్ని వరండాలోకి పంపించాడు. మేం వరండాలోంచి కదలలేదు. పొద్దుగూకే వేళకు, పంట చేతికొచ్చేదాకా కేంద్రం నడపమని ఉత్తర్వు ఇచ్చాడు. పిల్లలకు గంజి పోయించడానికి ఒక రైతు ఆడది తన చేతుల్తో తన పైరు పెరుక్కోవాల్సి వచ్చింది. మహా ఇల్లాలు అంటే నాకు కోపం వచ్చేది ఇందుకే. ఆ చావడి పెద్దలు సరిగ్గా ఉండి ఉంటే మా అత్త ఇంట్లో కూర్చుని సంగటి కెలుక్కుంటూ ఉండేది.

కోతల నాడు చేనంతా కంకులు నిండుగా నిలబడి ఉంటే, గట్టు పక్కన ఆమె పెరికిన చోటు మాత్రం బోసిగా ఉంది. అత్త కొడవలి పక్కన పెట్టి, ఆ మట్టిని అరచేత్తో సర్ది, "సమించు తల్లీ" అంది. నా కూతురు పరిగెత్తుకుంటూ వచ్చి ఆ ఖాళీలోనే చతికిలబడింది. పచ్చి సజ్జ కంకి ఒకటి అరచేతుల్లో నలిపి, పొట్టు ఊదుకుంటూ, నోటి నిండా గింజలు పోసుకుంది.