ఖైరున్ ఆపా వెంట ఫిర్యాదుకు

ఒమాన్‌లోని ఘుబ్రాలో మా బిల్డింగ్ మీది ట్యాంకులోకి నీళ్లెక్కించే లారీ వచ్చినప్పుడల్లా దాని మోటారు మోతకి కిటికీ అద్దాలు అదురుతాయి. పక్క ఫ్లాట్ల వాళ్లు తలుపులు మూసుకుంటారు. నేను మూయను. ఆ మోత చెవిన పడగానే తుఫాను ముంచిన ఒక బాతినా తీరపు ఊరు, ఆ ఊళ్లో ఖైరున్ ఆపా మేడ గుర్తుకొస్తాయి. ఆమెను ఎన్నడూ చూడని వాళ్లకు ఆమె ఎలాంటి మనిషో చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

నేను పళ్ల ఆసుపత్రిలో రిసెప్షనిస్టును. సెలవు దొరికితే సముద్రం చూద్దామని ఒక్కదాన్నే ఆ ఊరు వెళ్లాను. వెళ్లిన మర్నాడే తుఫాను. నా గదిలోకి నీళ్లు వచ్చేశాయి. పై అంతస్తులో గదులు ఖాళీగానే ఉన్నా హోటల్ మేనేజరు, "పైన ఫ్యామిలీలకే. మీరొక్కరే కదా, ఎక్కడైనా సర్దుకోండి" అని నా బ్యాగు మెట్ల మీద పెట్టాడు. ఆ మాట అంటున్నప్పుడు నా ముఖం వైపు కూడా చూడలేదు. రాత్రంతా ఆ మెట్ల మీదే కూర్చున్నాను. వాన ఆగాక బ్యాగు నెత్తిన పెట్టుకుని, అతన్ని పైకే తిట్టుకుంటూ మోకాటి లోతు నీళ్లలో నడుస్తుంటే మేడ మీదనుంచి ఒక గొంతు వినిపించింది.

"ఎవర్నిమ్మే అట్ల తిట్టుకుంటా పోతాండావు? పైకి రా. తిట్టాలన్నా కడుపులో ఏదన్నా పడాల గదా!"

ఆమే ఖైరున్ ఆపా. కడప మనిషి. భర్తతో వచ్చి, ఆయన పోయాక కూడా ఇక్కడే ఉండి ఒమానీ ఆడవాళ్లకు పెళ్లిబట్టలు కుట్టేది. కింద కుట్టు దుకాణం, పైన ఇల్లు. దుకాణం మొత్తం బురదైపోయింది. వానకే పారే వాగు, వాదీ, పొంగి రోడ్డు కొట్టుకుపోవడంతో నేను ఆమె ఇంట్లోనే ఉండిపోయాను. పొద్దున లేస్తే బురద గీకడం, మిగిలిన బట్టలు ఉతికి డాబా మీద ఆరేయడం. చేపల పడవ ఒకటి బ్యాంకు ముందు రోడ్డు మీద పడుకుని ఉండేది. రుస్తాఖ్ ఊరి వైపునుంచి కుర్రాళ్లు పారలతో, అన్నం డేగిశాలతో పికప్పుల్లో వచ్చి ఎవరిల్లని అడక్కుండా శుభ్రం చేసి వెళ్లేవాళ్లు. సాయంత్రం కాగానే నేను ఆ మేనేజరు సంగతి మళ్లీ మొదలుపెట్టేదాన్ని. ఆపా తడిసిన దారపు ఉండలు విడదీస్తూ వినేది. అందరిలా "పోనీలే, మర్చిపో" అని ఒక్కసారీ అనలేదు.

అసలు కష్టం మంచినీళ్లది. వీధి మొగలో గోడ కూలిందని ట్యాంకరు పెద్దరోడ్డు మీద వాళ్లకే నీళ్లు పోసి వెళ్లిపోయేది. మా వీధిలో ఒక ఒమానీ ముసలమ్మ, బెంగాలీ కూలీల రూమ్, ఇంకా కొన్ని కుటుంబాలు. ఒకరోజు నేను పోయి డ్రైవరును వీధంతా వినేలా దులిపేశాను. మర్నాడు ట్యాంకరు పెద్దరోడ్డుకు కూడా రాలేదు.

"నేనేం తప్పన్న ఆపా? ఉన్న మాటే అన్న!"

"ఉన్న మాటేమ్మే. ఎవరికన్నావు? స్టీరింగ్ పట్టుకున్నోనికి. బండి ఎవరిదో ఆడికి పోయి చెప్పాల. పద. ఈ పొద్దు వీధిది చెప్పు. హోటలోని మాట ఎత్తద్దు, అది నీది. నీది తర్వాత."

ట్యాంకర్లు సాలిమ్ అనే అతనివి. వాళ్లమ్మ ఆపాకు పాత గిరాకీ, హిందీ బాగా వచ్చు. చాప మీద కూర్చోబెట్టి ఖర్జూరాలు, చిన్న గిన్నెల్లో పాలు లేని ఖహ్వా కాఫీ ఇచ్చింది. మొదటి గుక్కకే నేను నోరు తెరిచాను. ఆపా మోకాలితో నా మోకాలు పొడిచింది. కూతురి కాన్పు, కొట్టుకుపోయిన మేకలు, పడిపోయిన ఖర్జూరపు చెట్లు, అన్నీ అడిగింది. ఒక చెట్టు ఆవిడ భర్త నాటిందట, అది చెబుతూ ఆవిడ కళ్లు తుడుచుకుంది. వీధిలో జనం దాహంతో ఉంటే ఇక్కడ చెట్ల కబుర్లేమిటని నాకు ఒళ్లు మండింది. చివరికి ఆపా, ఇక చాలన్నట్టు ఖాళీ గిన్నె మెల్లగా ఊపి కింద పెట్టి, నా వైపు తిరిగింది.

"ఇప్పుడు చెప్పు."

చెప్పాను. ముసలమ్మ సంగతి, కూలీలు ఉప్పునీళ్లతో వండుకుంటున్న సంగతి. నా గురించి ఒక్క ముక్క లేదు. ఆవిడ అక్కడే కొడుక్కి ఫోను చేసింది.

మర్నాడు ట్యాంకరు వీధి మొగదాకా వెనక్కి వచ్చి, కూలిన గోడ మీదుగా పొడుగాటి పైపు వేసింది. "అమ్మగారికి చెప్పిందెవరు?" అన్నాడు డ్రైవరు. ఆపా నన్ను ముందుకు తోసింది. "ఇదో, ఈ పిల్ల! మా తెలుగు పిల్ల. ఇంకోసారి దీంతో పెట్టుకోవద్దు!" డ్రైవరు నవ్వి, పైపు కొస నా చేతికే ఇచ్చాడు. మా అమ్మ కూడా నన్ను నలుగురిలో అంత గర్వంగా చూపించలేదు.

రోడ్డు బాగై నేను బస్సెక్కాల్సిన రోజు వచ్చింది. ఆపా పొద్దున్నే అబాయా వేసుకుని గుమ్మంలో నిలబడింది. "పద, నీది మిగిలుండాది గదా."

హోటల్లో మేనేజరు ప్యాంటు మడిచి ఒక్కడే బురద ఎత్తుతున్నాడు. చూసి నా కాళ్లు ఆగాయి. "పోనీ ఆపా, ఈ స్థితిల ఏం చెప్తం?"

"ఎందుకు పోనీ? ఆయప్ప బురద ఆయప్పది, నీ మాట నీది. నిదానంగా చెప్పు. కానీ చెప్పు."

ముందు ఆమే అతని పిల్లల సంగతి అడిగింది, ఊళ్లో అందరూ క్షేమమేనా అని. తర్వాత నేను ఆ రాత్రి సంగతంతా చెప్పాను. అతను పార ఆనించి, ఈసారి నా ముఖం చూశాడు. "ఆ రాత్రి నాకు మనుషులు కనబడలేదు మేడమ్, రూములే కనబడ్డాయి" అన్నాడు. నేను అతన్ని క్షమించలేదు. క్షమించమని ఆపా అడగనూ లేదు. తిరిగి వస్తూ, తలుపు తెరిచి ఉన్న ప్రతి ఇంటి ముందూ ఆగి, "మా పిల్ల పోయి మొగంమీదే చెప్పింది!" అని చాటింది.

ఆపా ఇప్పుడు కడపలో కూతురి దగ్గర ఉంటుంది. ఫోను చేస్తే, "ఈ వారం ఎవరిమీదికి పోయినావు?" అనే అడుగుతుంది. చెప్పడానికి నా దగ్గర ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుంది. మా ఆసుపత్రిలో ఊడ్చే ఆమె స్టోర్‌రూమ్‌లో నిలబడి అన్నం తింటోందని తెలిసి, మొన్న మా మేనేజరు గదికి వెళ్లాను. ముందు ఆయన తల్లి మోకాళ్ల నొప్పి ఎలా ఉందో అడిగాను. ఆయన తెప్పించిన టీ తాగాను. ఆ తర్వాత ఊడ్చే ఆమె సంగతి చెప్పాను. రేపే బల్లా కుర్చీ వేయిస్తానని చెప్పి, ఇక లేస్తానేమోనని నా వైపు చూశాడు.

"ఇక నాది సార్, మీరు ఆపేసిన నా సెలవు సంగతి" అన్నాను.

ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు. కుర్చీ ఇంకాస్త ముందుకు జరుపుకుని మొదలుపెట్టాను.