శుక్రవారం టీలో పడే ఆకు

ఇక్కడ అరాద్‌లో ఒక అరబ్బు ఇంట్లో వంట చేసే మా పిన్ని పోయింది. రాత్రి పడుకున్న మనిషి పొద్దున లేవలేదని ఆ ఇంటి డ్రైవర్ భాయ్ ఫోన్ చేసినప్పుడు నేను అద్లియాలో డ్యూటీలో ఉన్నాను. ఆఫీసు నేల సగం తుడిచాను. ఫోన్ పెట్టేశాక మిగతా సగం కూడా తుడిచేశాను. ఎందుకో తెలీదు.

మన తెలుగువాళ్ళ ఈ గ్రూపులో నేను ఇప్పటిదాకా ఏమీ రాయలేదు. మీరు పెట్టేవన్నీ చదివి ఊరుకుంటాను. పిన్నిని బాక్సులో ఇంటికి పంపడానికి మీలో చాలామంది కాగితాల కోసం తిరిగారు. అప్పుడూ మీ వెనకే నిలబడ్డాను, ఒక్క మాటా మాట్లాడలేదు. నేను చదివింది ఏడో తరగతి దాకానే. తప్పులుంటే సర్దుకుని చదవండి. పిన్ని పెట్టే టీ గురించి ఒక సంగతి తెలిసింది, అది చెప్పాలి.

తను మా అమ్మకు పెదనాన్న కూతురు. నాకు వీసా చూసి ఇక్కడికి తెచ్చింది తనే. శుక్రవారం నాకు సెలవు, తనకు కాదు. ఆ రోజు ఆ ఇంటికి కొడుకులు, కోడళ్ళు, పిల్లలు అందరూ భోజనానికి వస్తారు. నేను బస్సెక్కి వెళ్ళి వెనక వంటింటి గుమ్మం మీద కూర్చునేవాడిని. అందరూ తిన్నాక పిన్ని పాలు లేని టీ పెట్టేది. దాల్చినచెక్క, దంచిన శొంఠి, రెండు యాలకులు, ఒక ఎండు నిమ్మకాయ. ఆ నిమ్మకాయ మన వైపు ఉండదు. ఇక్కడివాళ్ళు లూమి అంటారు. నల్లగా, బరువే లేకుండా ఉంటుంది. చెవి దగ్గర ఊపితే లోపల గింజలు చప్పుడు చేస్తాయి. ఒకసారి పిన్ని అటు తిరిగినప్పుడు నేనే దాన్ని నలగ్గొట్టి గిన్నెలో వేసేశాను. తను గరిటెతో తీసి పారేసింది.

"గింజలు తియ్యకుండా ఏసేత్తావేంట్రా, చేదెక్కిపోద్ది."

చివర్లో పొయ్యి ఆపేసి, అప్పుడు ఆకులు వేసి మూతపెట్టేది. ఉడికితే ఆకు వాసన పోతుందట.

ఆ ఇంట్లో కఫీల్, అంటే పిన్నికి వీసా ఇచ్చిన యజమాని, వాళ్ళ అమ్మ ఉంది. పనివాళ్ళందరూ ఆవిడను మామా అంటారు. మామాకి దగ్గొస్తే ఇక్కడివాళ్ళ జాతర్ ఆకు, పిన్నికి దగ్గొస్తే వాము ఆకు. ఇద్దరిదీ సగం సగం హిందీ. అందుకని మాటలు తగ్గించి, ఆకు నలిపి ఒకరి ముక్కు దగ్గర ఒకరు పెట్టుకునేవాళ్ళు. నచ్చకపోతే మామా మొహం తిప్పేసేది, పిన్ని పడీపడీ నవ్వేది. నేను ప్రతి మొక్కకీ పేరు అడిగేవాడిని. తనతో అయితే నాకు మాటలు వచ్చేవి. తను పేరు చెప్పేది కాదు.

"పేరు దేనికిరా? నలిపి చూడు. పేరు మర్చిపోతావు, వాసన మర్చిపోవు."

టీలో వేసే ఆకు గురించి మాత్రం నేనెప్పుడూ అడగలేదు. నేను వెళ్ళేసరికే అప్పుడే కోసిన ఆకులు కడిగి జల్లెడలో ఉండేవి. వెనక గుమ్మం పక్కన పెయింటు బకెట్లో పిన్ని తులసి మొక్క ఉంది, ఏసీ నుంచి కారే నీళ్ళు పట్టి పోసేది. అదే అనుకున్నాను. ఇంకేముంటుంది?

పిన్నిని పంపించేశాక వచ్చిన శుక్రవారం నాకు ఎక్కడికి వెళ్ళాలో తోచక అరాద్ బస్సే ఎక్కాను. మామా వంటింట్లోకి పిలిచింది. కోడళ్ళు పెట్టిన టీ ఆవిడ ముందు చల్లారిపోయి ఉంది. పిన్ని టీ నీకు వచ్చా అని అడిగింది. ఆకుల కోసం ఆవిడే తులసి బకెట్టు చూపించింది. తల ఊపాను. నాక్కూడా రాకపోతే ఆ టీ ఇంక ఈ భూమ్మీద ఎవరికీ రాదు. పిన్నితోనే అయిపోతుంది.

గింజలు తీశాను. శొంఠి దంచాను. పొయ్యి ఆపేసి తులసి వేశాను. మామా ఒక్క గుక్క తాగి గ్లాసు కింద పెట్టింది.

"మూ హాదా."

ఇది కాదు, అని. కోపంగా అనలేదు. అందుకే ఎక్కువ బాధేసింది.

రూముకొచ్చి అమ్మకు ఫోన్ చేసి, ఏం వేశానో అంతా వరసగా చెప్పాను. ఆకుల దగ్గరికి రాగానే అమ్మ ఆపేసింది.

"ఇయ్యాల శుక్కురారం కదరా. తులసి కోసేసేవా?"

"పిన్ని ఏసేది కదమ్మా."

"శుక్కురారం మీ పిన్ని తులసి మీద చెయ్యేసేదా? సచ్చినా ఎయ్యదు."

అమ్మ తిడుతూనే ఉంది, నాకు వినపడటం లేదు. నేను పిన్ని టీ తాగింది ఒక్క శుక్రవారాల్లోనే. అంటే ఆ టీలో తులసి ఒక్కసారి కూడా పడలేదు. మరి జల్లెడలో ఉన్న ఆకు ఏది? వారమంతా నేల తుడుస్తూ అదే ఆలోచించాను.

తర్వాతి శుక్రవారం వెళ్ళి మామాకి సలాం చెప్పి, అడక్కుండానే ముందువైపు తోటలోకి వెళ్ళాను. గోడ వెంబడి ఉన్న ఒక్కో మొక్క దగ్గరా ఆగి, ఒక్కో ఆకు నలిపి వాసన చూశాను. పుదీనా, జాతర్, ఏదో ఒక ముళ్ళ మొక్క. పిల్లలు నా వెనక నడుస్తూ వాళ్ళూ నలపడం మొదలుపెట్టారు. మామా కుర్చీలోంచి చూస్తోంది. కుళాయి దగ్గర గుబురుగా ఉన్న మొక్క ఆకు నలిపి చూసి ఆగిపోయాను. తులసికి చెల్లెలిలా ఉంది వాసన, కొంచెం సోంపు కలిసినట్టు తియ్యగా. మూత తీసినప్పుడు వచ్చేది ఇదే.

అది మామా మొక్కే. రోజూ తన చేత్తో నీళ్ళు పోసుకునేది. మష్మూమ్ అంటారు. ఇక్కడి ఆడవాళ్ళు జడలో పెట్టుకుంటారు, దిండు పక్కన పెట్టుకుంటారు. ఆ ఇంట్లో టీలో మాత్రం ఎవరూ వేయరట. మామా ఇన్నాళ్ళూ టీలో పడేది మన దేశం ఆకనే అనుకుంది. పిన్ని చెప్పకుండా ఎందుకు ఉంచిందో నాకు తెలీదు. చెప్తే కోసుకోనివ్వదని భయమా, ఆటా? అడగడానికి ఇప్పుడు మనిషి లేదు.

పొయ్యి ఆపేసి ఆకులు వేసి మూతపెట్టాను. గ్లాసులో పోసి ఇచ్చాను.

చాలు అని చెప్పాలంటే ఇక్కడి వాళ్ళు ఖాళీ గ్లాసును అటూ ఇటూ చిన్నగా ఊపి ఇస్తారు. మామా మెల్లగా, మధ్యలో ఆగకుండా తాగింది. ఖాళీ గ్లాసు నా వైపు చాపింది. ఆవిడ చెయ్యి కదల్లేదు. గ్లాసు అడుగున ఒక ఆకు అంటుకుని ఉంది.