ఎదురింట్లోకి వెళ్లిన కళ్ళాపి నీళ్లు

సరూర్‌నగర్ చెరువుకు కింది వైపు గల్లీలో మా అద్దె గది. రోడ్డు మీద రోడ్డు వేసి వేసి గల్లీ ఎత్తయింది. దాంతో సమంగా ఇంటివాళ్లు వాకిట్లో మట్టి పోయించారు. మా గడప మాత్రం కిందే ఉండిపోయింది. దిల్‌సుఖ్‌నగర్ దుకాణాల చీరలకు ఇంట్లోనే ఫాల్స్ కుడతాను. వాళ్ల చీరల మూటలు నేల మీదే ఉంటాయి. వాననీళ్లను వాకిట్లోని మట్టి తాగేది కాబట్టి ఇన్నేళ్లూ అవి తడవలేదు.

అలాంటి వాకిలంతా సిమెంటు చేయిస్తానన్నారు ఇంటి ఓనరమ్మ. ఆవిడది కృష్ణా జిల్లా, బురదంటే గిట్టదు. గేటు ముందు ర్యాంపు అప్పటికే పోయించారు. మిగతా పనికి మేస్త్రి సోమవారం వస్తాడు. ఆ మాట విన్నాక నాకు సూది సరిగ్గా నడవలేదు.

పదితో బడి మానేశాను గానీ లైబ్రరీ మానలేదు. ఆ వారమే అక్కడ భూమి వాతావరణం గురించి ఒక పుస్తకం చదివాను. ధ్రువాల మంచు, పెద్ద పెద్ద అడవులు చాలాకాలం దెబ్బలు ఓర్చుకుంటాయట. ఒక హద్దు దాటాక మాత్రం, మనం దెబ్బ కొట్టడం ఆపేసినా వాటంతట అవే నాశనమవుతూ పోతాయి. పాలు విరిగాక పొయ్యి ఆర్పి లాభం లేదు కదా. మా గల్లీలో ఒక్కో వాకిలీ సిమెంటైపోతోంది. మా హద్దు ఇదేనేమో అనిపించింది.

ఓనరమ్మకు అదంతా ఉత్సాహంగా చెప్పాను. ఆవిడ ఓపిగ్గా విన్నారు.

“ఎక్కడో మంచు కరుగుతుందని నా వాకిట్లో సిమెంటేసుకోకూడదా అమ్మాయ్?”

గట్టిగా వాదిస్తే గది ఖాళీ చేయమంటారేమోనన్న భయంతో మళ్లీ సూది అందుకున్నాను.

ఆదివారం పొద్దున ఆవిడ కొత్త ర్యాంపు మీద కళ్ళాపి చల్లారు. మా తెలంగాణవాళ్లం దాన్ని సాన్పి అంటాం. మట్టి మీద చల్లిన అలవాటుతో బకెట్ నిండా కుమ్మరించారు. చుక్క ఇంకలేదు. పేడకు బదులు ఆకుపచ్చ పొడి కలిపిన ఆ నీళ్లు గల్లీ దాటి ఎదురింటి గేటులోకి వెళ్లాయి. ఎదురింటి అక్క తెల్లచీరతో చర్చికి బయల్దేరుతోంది. కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని నిలబడిపోయింది.

“ఏంది ఆంటీ, మీ సాన్పి మా ఇంట్ల సల్లిన్రు? జర మీ వాకిట్ల గూడ ఉంచుకోన్రి.”

ఓనరమ్మ చీపురుతో నీళ్లను వెనక్కి తోస్తుంటే అవి మళ్లీ అటే పోతున్నాయి. అప్పుడు నాకు నోరు పెగిలింది.

“గిది ఒక్క బకెట్ ఆంటీ. వాకిలంత సిమెంటైతే వాన మొత్తం నా గదిలకే ఒస్తది.”

ఆవిడ చీపురు ఆపి, పల్లంలో ఉన్న నా గడప వైపు చూశారు. మధ్యాహ్నం మేస్త్రికి ఫోన్ చేసి, గేటు నుంచి మెట్ల దాకా నడిచే దారి వరకే వేయమన్నారు. మిగతాదంతా మట్టే ఉంచారు.

ఆ వర్షాకాలం ఒక పెద్ద వాన పడింది. మూటలన్నీ మంచం మీదికి ఎక్కించి గుమ్మంలో కూర్చున్నాను. నీళ్లు గడప అంచుదాకా వచ్చి ఆగాయి, మెల్లగా ఇంకిపోయాయి. మట్టే ఆపిందో, వానే తగ్గిందో చెప్పలేను. రెండూ అయ్యుండొచ్చు. ఒక్క చీర కూడా తడవలేదు. ఆ వాకిలిని తలుచుకుంటే ఓనరమ్మకూ, వేళాకోళమాడిన అక్కకూ, అడగ్గానే పుస్తకాలిచ్చే లైబ్రరీకీ ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను.

ఆ వాన పడిన మర్నాడు ఓనరమ్మ మా గడప చూసి వెళ్లబోతూ ఆగారు.

“ఇంతకీ ఆ అడవులు హద్దు దాటేశాయంటావా?”

అన్నీ దాటలేదని, ఆపగలిగినవి ఇంకా ఉన్నాయని పుస్తకంలో ఉన్నదే చెప్పాను.

“అయితే దాన్నోసారి పట్రా, చూద్దాం.”

సాయంత్రం లైబ్రరీకి బయల్దేరాను. సిమెంటు దారి ఉన్నా, మట్టి మీంచే నడిచాను.